పెరటి బంగినపల్లి ఒక పక్క ఎండిపోతోంది: ఉంచాలా, కొట్టేయాలా?

ప్రశ్న (పెరడు_కరీంనగర్):
ఇంటి వెనక తొమ్మిదేళ్ళ బంగినపల్లి అంటు. ఎత్తు దాదాపు 15 అడుగులు. జూలై నుంచి పడమటి వైపు రెండు పెద్ద కొమ్మలు ఎండుతున్నాయి. ఆకులు గోధుమ రంగుకు తిరిగాయి గానీ రాలట్లేదు, కొమ్మకే వేలాడుతున్నాయి. తూర్పు వైపు పచ్చగానే ఉంది, చిగురు మాత్రం లేదు. మొదలు దగ్గర అక్కడక్కడ బంక కారుతోంది, రంపపు పొట్టు లాంటిది రాలుతోంది. నిరుడు పెరడు మెరక చేయడానికి అడుగున్నర మట్టి పోయించి, మానుకు జానెడు దూరం దాకా టైల్స్ వేయించాం. ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు కూడా దీనికే పోతాయి. యూరియా వేస్తే కోలుకుంటుందని పక్కింటివాళ్ళు అంటున్నారు, మేస్త్రీ ఏమో కొట్టేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

తోటమాలి_నూజివీడు:
యూరియా ముట్టుకోకండి. వేరు నీళ్ళు లాగలేని చెట్టుకు నత్రజని వేస్తే ఉన్న కొద్ది శక్తీ చిగురు మీద ఖర్చయిపోతుంది, వారం తిరక్కుండా ఆ చిగురూ వాడుతుంది. కొట్టేయాలా వద్దా అన్నది కొమ్మల్ని చూసి తేల్చేది కాదు, మొదలు చూసి తేల్చాలి.

పదునైన చాకుతో ఎండిన కొమ్మ చివర గోరంత బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అడుగు కిందికి దిగి మళ్ళీ గీకండి, పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత మాను మొదట్లో, అంటు కట్టిన చోటుకు జానెడు పైన, చుట్టూ ప్రతి నాలుగు వేళ్ళకూ ఒక గీటు. చచ్చిన బెరడును వేలితో తడితే డొల్లగా మోగుతుంది. చుట్టుకొలత మొత్తంలో చచ్చింది ఎంత, బతికింది ఎంత అన్నదే అసలు లెక్క. మూడో వంతు దాకా పోయినా చెట్టు లేస్తుంది. సగం దాటితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. చుట్టూ పూర్తిగా పోతే పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా అది నిల్వ మీద బతుకుతున్నట్టే.

ఇంకోటి, ఆకులు ఎండి కూడా రాలకపోవడం చూస్తే ఆ కొమ్మలకు నీటి సరఫరా ఉన్నట్టుండి తెగినట్టుంది. పొట్టు కూడా ఉందంటే కాండం తొలిచే పురుగును అనుమానించాలి. పొట్టు ఏ రంధ్రం నుంచి వస్తోందో చూసి చెప్పండి.

పెరడు_కరీంనగర్:
చూశానండి. కనిపిస్తున్న చోట చుట్టుకొలత 66 సెం.మీ. పడమటి వైపు దాదాపు 20 సెం.మీ. బెరడు డొల్ల. రంధ్రాలు మూడున్నాయి, ఒకదాంట్లోంచి మాత్రమే తడి పొట్టు వస్తోంది. అంటు కట్టిన చోటు కనపడట్లేదు, కొత్త మట్టి కింద ఉన్నట్టుంది.

మైలుతుత్తం:
20/66 అంటే మూడో వంతు లోపే. కాపాడదగ్గ చెట్టే. అయితే ముందు మట్టి తీసి, అంటు దగ్గర కూడా అదే లెక్క ఉందో లేదో చూసుకోండి.

తడి పొట్టు వచ్చే రంధ్రంలోనే పురుగు ఉంది, మిగతావి పాతవి. సైకిల్ చక్రం పుల్ల చివర కొక్కెంలా వంచి లోపలికి తోసి తిప్పుతూ లాగండి. వేలెడంత పొడవున్న, మీగడ రంగు లావుపాటి పురుగు రావాలి. రాకపోతే పొట్టంతా శుభ్రం చేసి, పెట్రోలులో తడిపిన దూది లోపలికి దూర్చి బంకమట్టితో గట్టిగా మూయండి. 4-5 మి.లీ. చాలు. సీసాతో వంపేవాళ్ళున్నారు. అది బెరడు మీద కారితే బతికున్న పొర కూడా మాడిపోతుంది. పది రోజుల తర్వాత కొత్త పొట్టు కనిపిస్తే మళ్ళీ చేయాలి. కొన్నిచోట్ల ఇప్పటికీ డైక్లోర్వాస్ అనే పురుగుమందు చెబుతుంటారు, మన దేశంలో దాన్ని 2020 చివరి నుంచి నిషేధించారు. గోదాముల్లో వాడే ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరైనా తెచ్చి ఇస్తే ఇంటి గడప కూడా తొక్కనివ్వకండి, ఆ గ్యాసు మనుషుల్ని చంపుతుంది.

తర్వాత వాన లేని రోజు చూసి చచ్చిన బెరడును చాకుతో పచ్చ అంచు తగిలేదాకా చెక్కండి. గాయం పైనా కిందా కొసగా వచ్చేలా, కన్ను ఆకారంలో చెక్కితే నీళ్ళు నిలవవు. ఎండిన కొమ్మల్ని సుద్ద గుర్తుకు మూడు అంగుళాలు కిందుగా, బతికిన చెక్కలోకి కోయాలి. కోసిన ప్రతి చోటా బోర్డో పేస్టు పూయాలి.

పేస్టుకు 100 గ్రా. మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రా. గడ్డ సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించండి. ప్లాస్టిక్ బకెట్లే వాడాలి, ఇనుము పనికిరాదు. సున్నం చల్లారాక వడకట్టి, మైలుతుత్తం నీళ్ళను అందులో పోస్తూ కలపండి. శుభ్రమైన చాకు నిమిషం ముంచి తీయండి, ఎర్రటి పొర పడితే సున్నం తక్కువైనట్టు, ఇంకాస్త కలపాలి. అలాగే పూస్తే బెరడు కాలుతుంది. అదే రోజు వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. మొదలు నుంచి మూడడుగుల ఎత్తు దాకా చుట్టూ పూయండి.

వేరుమూలం:
పైవన్నీ సరే గానీ పురుగు ఆహ్వానం లేకుండా రాలేదు. నీరసించిన చెట్టునే వెతుక్కుంటూ వస్తుంది. అడుగున్నర మట్టి అలాగే ఉంచి పేస్టులు పూసి లాభం లేదు. మాను బెరడు గాలికి ఉండాల్సింది, వేరు బెరడులా తడి మట్టిలో ఉండలేదు, మెత్తబడి కుళ్ళుతుంది.

టైల్స్ మాను చుట్టూ కనీసం మూడడుగులు పీకేయండి. పలుగు, పార దూరం నుంచి వాడుకోవచ్చు, చివరి అడుగు మాత్రం చేత్తోనో తాపీతోనో తీయాలి. మాను కింద వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు కనపడగానే ఆపేయండి. బొటనవేలి కంటే లావున్న వేరు తెంచొద్దు. కొత్త మట్టిలోకి పాకిన సన్న పీచు వేర్లు పోయినా ఫర్వాలేదు.

ఇలా తీశాక చెట్టు గుంటలో మిగులుతుంది, అసలు చిక్కు అక్కడే. వానకు నీళ్ళు నిలిస్తే చేసిందంతా వృథా. గుంట అంచుకు ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చి, అడుగు నుంచి రెండంగుళాల పీవీసీ పైపు వాలుగా బయటి కాలువలోకి కలపండి. పెరటి వాలు అందుకు ఒప్పుకోకపోతే ఆ పక్క మట్టి మొత్తం పాత మట్టానికి దించాల్సిందే.

ఆర్వో నీళ్ళు ఈరోజే ఆపండి. వాటిలో ఉప్పు ఎక్కువ, మామిడి ఉప్పుకు ఓర్చుకోదు. తూర్పు వైపు ముదురాకుల కొసలు, అంచులు మాడి ఉన్నాయేమో చూడండి, ఉంటే అది దాని పనే. పది రోజులు వాన లేకపోతేనే నీళ్ళివ్వండి, మొదట్లో కాకుండా కొమ్మల నీడ అంచున, 60-80 లీటర్లు.

కుళ్ళు ఆపడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరుకు 3 గ్రా. కలిపి మొదలు చుట్టూ 10 లీటర్లు పోయొచ్చు. కుళ్ళు తెగుళ్ళను అణిచే ట్రైకోడెర్మా పొడి వేయాలనుకుంటే మూడు వారాలు ఆగి, పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి వేయండి. అదీ శిలీంధ్రమే కాబట్టి రాగి మందుతో కలిపి వేస్తే డబ్బులు దండగ.

పెరడు_కరీంనగర్:
అర్థమైంది. ఎన్నాళ్ళు చూడాలి? అంటు దగ్గర చుట్టూ కుళ్ళి ఉంటే?

తోటమాలి_నూజివీడు:
వచ్చే మార్చి దాకా చూడండి. అక్టోబరు లోపు తూర్పు కొమ్మల్లో ఒక్క విడత చిగురు వచ్చి ముదిరితే సగం గెలిచినట్టే, ఎరువు సంగతి ఆ తర్వాతే. డిసెంబరు, జనవరిలో విరగబూస్తే మాత్రం సంబరపడకండి. కష్టంలో ఉన్న చెట్టు ఒక్కోసారి అలాగే పూస్తుంది. పూత గుత్తులు తుంచేయండి, ఈ ఏడు కాయ వద్దు.

అంటు చోటు చుట్టూ కుళ్ళిపోతే బంగినపల్లి పోయినట్టే, కానీ చెట్టు మొత్తం పోయినట్టు కాదు. కింద వేరుమూలం, అంటే అంటు కట్టిన నాటు మొక్క మొదలు, బతికుంటే పిలకలు వస్తాయి. వాటిని అలాగే పెంచితే కాసేది నాటు కాయ. రెండు మూడు బలమైనవి ఉంచి, పెన్సిల్ లావు అయ్యాక జూన్-సెప్టెంబరు మధ్య నర్సరీ మనిషి చేత బంగినపల్లి పుల్ల అంటు కట్టించండి. కొత్త మొక్క కంటే తొందరగా కాపుకు వస్తుంది, వేరు ఎటూ పాతదే కదా.

కోసిన కొమ్మలు వంటచెరుకు కోసం గోడ పక్కన పేర్చకండి. లోపలున్న పురుగు కోసిన దుంగలో కూడా ఎదిగి, వానల వేళకు పొడుగు మీసాల పెంకు పురుగై ఎగురుతుంది. చీల్చి కాల్చేయండి.