అబార్షన్ మాత్ర: నిర్ణయం ఎఫ్‌డీఏదా, కోర్టుదా, రాష్ట్రానిదా?

డాలస్‌వాసి:
అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్ మాత్ర మీద వేసిన కేసును అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 13న ఏకగ్రీవంగా కొట్టేసింది కదా, మరి ఈ గొడవ ఇంకా ఎందుకు నడుస్తోంది? అసలు ఒక మందు ఉండాలా వద్దా అన్నది కోర్టులు తేల్చాల్సిన సంగతేనా?

ఫార్మసీ సుధ:
ఏమని కొట్టేసిందో చూడండి. ఆ మందు రాయని డాక్టర్లకు కేసు వేసే అర్హత లేదంది, అంతే. మందులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ చేసింది సరైనదా కాదా అన్న జోలికే పోలేదు. అందుకే మిస్సోరి, కాన్సస్, ఐడహో రాష్ట్రాలు ఆ పోరాటాన్ని కొనసాగించాయి. 2000లో అనుమతి వచ్చిన మందు ఇది. 2023 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని అమరిలోలో ఒక్క జడ్జి, కాజ్‌మారిక్, ఆ అనుమతినే దేశమంతటా నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. రెండు వారాల్లో సుప్రీంకోర్టు అడ్డుపడింది కాబట్టి సరిపోయింది. ఇరవై రెండేళ్లకు పైగా వాడుతున్న మందుకే ఈ గతి పడితే, రేపు ఎవరికో నచ్చని వ్యాక్సిన్ సంగతేంటి?

వెంకట్_ఆర్:
సుధ గారూ, ఎఫ్‌డీఏని ప్రశ్నించకూడదని ఎక్కడుంది? 2016లో ఈ మాత్ర ఎన్ని వారాల గర్భం వరకు వాడొచ్చన్న గడువును ఏడు నుంచి పదికి పెంచారు. 2021లో డాక్టర్ దగ్గరికి స్వయంగా వెళ్లాలన్న షరతూ తీసేశారు. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పు అబార్షన్ విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సస్ ప్రజలు ఎన్నుకున్న సభ అబార్షన్‌ను నిషేధిస్తూ చట్టం చేశాక, న్యూయార్క్ డాక్టర్ పోస్టులో మాత్రలు పంపిస్తే ఆ చట్టానికి విలువేముంది? నా మటుకు కడుపులో ఉన్నదీ ప్రాణమే. మందు సురక్షితమని మీరెంత చెప్పినా నా అభ్యంతరం పోదు.

ఫార్మసీ సుధ:
మీ నమ్మకం మీది, దాన్ని కాదనను. కానీ ఆ నమ్మకం చట్టమయ్యాక ఎవరి మీద పడుతుందో చూడండి. లూసియానా రాష్ట్రం 2024 అక్టోబరు నుంచి మిఫెప్రిస్టోన్‌తో పాటు, దానితో కలిపి వాడే మిసోప్రోస్టాల్‌ను కూడా నియంత్రిత మందుల జాబితాలో పెట్టింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే చేతికి అందాల్సిన మందుల్లో మిసోప్రోస్టాల్ ఒకటి. గర్భం దానంతటదే పోయినప్పుడూ దాన్నే ఇస్తారు. తాళం తీసి, లెక్క రాసి తెచ్చేసరికి ఆలస్యమవుతుందని అక్కడి డాక్టర్లు మొత్తుకున్నారు. రక్తం పోతున్న బాలింతకు ఆ నిమిషాలు చాలా ఎక్కువండీ. బిడ్డ కావాలని కన్న తల్లి ఆమె.

లక్ష్మి_ఫ్రిస్కో:
నాకు సుధ గారి మాటే సబబనిపిస్తోంది. మన దగ్గరే నయం కదా, ఏ మెడికల్ షాపులో అడిగినా ఇస్తారు. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఫార్మసీ సుధ:
లక్ష్మి గారూ, దయచేసి ఆ పని చేయకండి. ఇండియాలోనూ చట్టప్రకారం అర్హత ఉన్న డాక్టర్ రాసివ్వాలి, అదీ తొమ్మిది వారాల వరకే. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ప్రాణం మీదకి వస్తుంది. పైగా టెక్సస్‌లో 2025 డిసెంబరు నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. ఈ మాత్రలు తెచ్చిచ్చిన వారి మీద, పంపిన వారి మీద మామూలు పౌరులే దావా వేయొచ్చు, ఓడితే కనీసం లక్ష డాలర్లు కట్టాలి. వేసుకున్న స్త్రీ మీద వేయలేరు గానీ, మీకోసం తెచ్చిన చెల్లెలో స్నేహితురాలో ఇరుక్కుంటారు. ముందు లాయర్‌తో మాట్లాడండి.