చేపల ట్యాంకులో నత్తలు: కాపర్ మందు పోయాలా, మేత తగ్గిస్తే సరిపోతుందా?

అంబత్తూరు గప్పీ:
మా రెండడుగుల ట్యాంకులో గప్పీ చేపలు, చెర్రీ రొయ్యలు, కొన్ని మొక్కలు ఉన్నాయి. కొళత్తూరు నుంచి కొత్త మొక్కలు తెచ్చి నాటినప్పటి నుంచి నత్తలే నత్తలు. పగలు అద్దం మీద చిన్నవి, రాత్రి లైటు వేస్తే ఇసుకలోంచి పొడవాటివి. కాపర్ ఉన్న నత్తల మందు పోస్తే ఒక్క రోజులో పోతాయని షాపులో చెప్పారు. మా వారు సీసా కూడా కొనేశారు. పోయొచ్చంటారా?

మైలాపూర్ మొక్కలు:
రొయ్యలున్న చోట పోయకండి మేడమ్. నత్తను చంపే కాపరే రొయ్యనూ చంపుతుంది, అదీ చాలా కొద్ది మోతాదులోనే. పైగా నత్తలన్నీ ఒకేసారి చస్తే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, దాంతో గప్పీలకూ ముప్పే. అసలు రోజుకి ఎన్నిసార్లు మేత వేస్తున్నారు?

టి. నగర్ ట్యాంకు:
నత్తల గురించి ఎవరడిగినా ఇదే పాట, మేత తగ్గించు! రొయ్యల్ని వేరే తొట్టెలోకి మార్చి, మందు పోసి, చచ్చినవి ఏరేసి, నీళ్లు రెండు మూడుసార్లు మార్చి, ఫిల్టర్‌లో కార్బన్ పెట్టండి. పనైపోతుంది. ఆవిడ చెప్పిన పొడవాటివి ట్రంపెట్ నత్తలు. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, మగది లేకపోయినా సరే. ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికే. వాటిని చేత్తో ఏరి ఎవరు గెలిచారు?

మైలాపూర్ మొక్కలు:
ట్రంపెట్ల గురించి నిజమే చెప్పారు, కానీ మీ మందుకు అడ్డం వచ్చేది కూడా అవే. ఆ గుల్లకు మూత ఉంటుంది. నీళ్లు తేడాగా అనిపిస్తే మూత బిగించుకుని ఇసుకలో ఉండిపోతాయి. ముందు చచ్చేవి అద్దం మీద తిరిగే చిన్నవే. ఇక కార్బన్ నీళ్లలోని కాపర్‌ని కొంత లాగుతుంది గానీ, ఇసుకకి పట్టినదాన్ని లాగలేదు. పీహెచ్ పడిపోయినప్పుడు అది తిరిగి నీళ్లలోకి రావచ్చు. మరి రొయ్యల్ని ఎప్పుడు వెనక్కి వేయమంటారు?

పాటే అనుకోండి, మేత దగ్గరే ఉంది కిటుకంతా. చేపలు వదిలేసిన మేత, కుళ్లిన ఆకు, నాచు ఎంత ఉంటే అంత సంతానం. మన చెన్నైలో ట్యాంకు నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి. గట్టి బోరు నీళ్లయితే గుల్లకి కావాల్సిన కాల్షియం కూడా దొరుకుతుంది. వాటిని మనం మార్చలేం, మేతని మార్చగలం. చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేయండి, వారానికో రోజు పస్తు పెట్టండి. రాత్రి కీర దోసకాయ ముక్కని రాయికి కట్టి అడుగున వదిలి, పొద్దున్నే నత్తలతో సహా తీసేయండి. అద్దం మీద జిగురు ముద్దల్లా కనిపించే గుడ్లని పాత కార్డుతో గీకేయండి. కొన్ని ఎలాగూ మిగులుతాయి, ఉండనివ్వండి. ట్రంపెట్లు ఇసుకని కదుపుతూ ఉంటాయి, అదీ మంచిదే.

వేళచ్చేరి లోచ్:
ఇంత శ్రమ దేనికండీ, యోయో లోచ్ చేపలు వేయండి. నత్తల్ని గుల్లలోంచి పీల్చేస్తాయి.

టి. నగర్ ట్యాంకు:
రొయ్యల్నీ వదలవు బ్రదర్. ఆరంగుళాల దాకా పెరుగుతాయి, పైగా గుంపుగా ఉంచాలి. రెండడుగుల ట్యాంకులోనా? పీ పఫర్ చిన్నదే, మన పడమటి కనుమల నదుల చేపే, కానీ గప్పీల తోకలు కొరికేస్తుంది. మందు వద్దనుకుంటే అస్సాసిన్ నత్తలు వేయండి. ఇసుకలోకి దిగి మరీ ట్రంపెట్లని తింటాయి. ఆడా మగా వేరు కాబట్టి వీటి సంతతి మెల్లగానే పెరుగుతుంది.

మైలాపూర్ మొక్కలు:
అస్సాసిన్లకి నాకు అభ్యంతరం లేదు. మేత తగ్గించకుండా వేస్తే మాత్రం, అవి తినేవాటి కంటే కొత్తగా పుట్టేవే ఎక్కువ.

అంబత్తూరు గప్పీ:
సీసా మూత ఇంకా తీయలేదు, తిరిగి ఇచ్చేస్తాం. రోజుకి మూడుసార్లు మేత వేసేది మా అత్తగారు. దగ్గరికెళ్తే చేపలు అడుగుతాయట! ఆవిడకి ఎలా చెప్పాలో మరి. ఇంకోటి, కొత్త మొక్కలతో నత్తలు రాకుండా వాటిని పటిక నీళ్లలో కడిగితే సరిపోతుందా?

మైలాపూర్ మొక్కలు:
పటిక నీళ్లలో ఉంచి కడిగినా కొన్ని గుడ్లు తప్పించుకుంటాయి. వేళ్ల చుట్టూ ఉండే దూది పీకి పారేసి, మొక్కల్ని రెండు మూడు వారాలు వేరే బకెట్‌లో ఉంచండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని ఏరాకే ట్యాంకులో నాటండి.

టి. నగర్ ట్యాంకు:
ఏరిన నత్తల్ని జాలిపడి అంబత్తూరు చెరువులో వదలకండి మేడమ్. ఎండలో బాగా ఆరబెట్టి పారేయండి.