విద్యార్థుల డాక్యుమెంటరీకి ప్రేక్షకులను ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: జర్నలిజం విద్యార్థిని, మహబూబ్‌నగర్

అందరికీ నమస్కారం. కోస్గి, మద్దూరు ప్రాంతాల నుంచి ముంబయి, పుణె నగరాలకు కూలికి వెళ్లే కుటుంబాల మీద మా తరగతి మిత్రులం కలిసి 24 నిమిషాల డాక్యుమెంటరీ తీశాం. ఊళ్లో కూలీలను కుదుర్చుకుని తీసుకువెళ్లే గుంపు మేస్త్రీ చేతిలో పెట్టే అడ్వాన్సు దగ్గర కథ మొదలై, ముంబయి నాకాల్లో (కూలీల అడ్డాల్లో) తెల్లవారకముందే పని కోసం నిలబడే మనుషుల దగ్గర ముగుస్తుంది. ఎడిటింగ్ పూర్తయింది కానీ సబ్‌టైటిళ్లు ఇంకా వేయలేదు. యూట్యూబ్ ఛానల్ పేరుకు ఉన్నా, అందులో సబ్‌స్క్రైబర్లందరూ మా కళాశాల వాళ్లే.

ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపేదాకా ఎక్కడా పెట్టవద్దని ఒకరు, వెంటనే యూట్యూబ్‌లో పెట్టి ఉన్న మూడు వేల రూపాయలతో ప్రకటనలు ఇవ్వమని మరొకరు చెబుతున్నారు. వలస గురించి పట్టించుకునేవారిని ఆన్‌లైన్‌లో ఎలా చేరుకోవాలో, ఏ పని ముందు చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ఎడిటర్, హైదరాబాద్ (సొంత ఊరు దేవరకొండ)

చెల్లెమ్మా, మొదట తేల్చుకోవలసింది ఫెస్టివల్స్ సంగతే, ఎందుకంటే ఒకసారి అందరికీ కనిపించేలా పెట్టిన సినిమాను తర్వాత తీసివేసినా అది విడుదల కాలేదని చెప్పుకోలేం. ఆన్‌లైన్‌లో వచ్చిన చిత్రాలను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు, కొన్ని పట్టించుకోవు. కాబట్టి మీరు పంపదలచిన ప్రతి చోటా నిబంధనలు చదవండి. మన దేశంలో డాక్యుమెంటరీలకు పేరున్నవి ముంబయిలో 1990 నుంచి రెండేళ్లకోసారి జరుగుతున్న మిఫ్ (ముంబయి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం), తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ నిర్వహించే ఐడీఎస్ఎఫ్ఎఫ్‌కే (డాక్యుమెంటరీలు, లఘుచిత్రాల అంతర్జాతీయ ఉత్సవం). మీ కథ సగం ముంబయిలోనే జరుగుతుంది కనుక మిఫ్ తేదీలు తప్పక చూడండి. ఫెస్టివల్స్‌కు సినిమాలు పంపే ఫిల్మ్‌ఫ్రీవే వెబ్‌సైట్ ద్వారా విదేశాలకు పంపేటప్పుడు రుసుములు వేగంగా పెరుగుతాయి. విద్యార్థులకు తగ్గింపు ఉన్నవాటినీ, అసలు రుసుము లేనివాటినీ ఎంచుకోండి. ఆకర్షణీయమైన పేర్లతో ఎవరికి పడితే వారికి అవార్డులిచ్చే దుకాణాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఈలోగా సినిమాను యూట్యూబ్‌లో ఇతరులకు కనిపించని ‘ప్రైవేట్’గా అప్‌లోడ్ చేసి చూడండి. అప్‌లోడ్ సమయంలోనే కాపీరైట్ పరిశీలన జరుగుతుంది. బస్సులో ఎవరి ఫోన్‌లోనో మోగిన సినిమా పాట మీ సౌండ్ ట్రాక్‌లో పడి ఉంటే, దాని హక్కుదారులు వీడియోను ఆపించవచ్చు, లేదా దానిమీద వచ్చే ప్రకటనల ఆదాయం తమకు చేరేలా చేసుకోవచ్చు. ఆ సంగతి విడుదల రోజున తెలియడం కంటే ఇప్పుడే తెలిస్తే ధ్వనిని సరిచేసుకునే సమయం ఉంటుంది. పరిచయస్తులకు చూపడానికి వెతికినా దొరకని, లింకు ఉన్నవారికే తెరుచుకునే ‘అన్‌లిస్టెడ్’ లింకు సరిపోతుంది కానీ, ఆ లింకు చేతికి వచ్చిన ప్రతివారూ దాన్ని ఇంకొకరికి పంపగలరని గుర్తుంచుకోండి.

జవాబు: ఉపాధ్యాయుడు, నారాయణపేట జిల్లా

పై మిత్రుడు చెప్పిన జాగ్రత్తలు సరైనవే కానీ, ఫెస్టివల్స్ కోసం ఏడాదిపాటు సినిమాను పెట్టెలో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఒకటి రెండు చోట్లకు పంపి, ఒక గడువు పెట్టుకుని, ఆ తర్వాత విడుదల చేయండి.

అమ్మా, నువ్వు వెతుకుతున్న ప్రేక్షకులు ఇప్పటికే గుంపులుగా ఉన్నారు. మా బడిలో చదివే పిల్లలను తాత అవ్వల దగ్గర వదిలి వలస వెళ్లిన తల్లిదండ్రులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. అక్కడ చావు కబురూ, పెళ్లి పత్రికా, బోనాల వీడియో అన్నీ గంటలో ముంబయి చేరతాయి. ఆ గ్రూపుల్లో ఒక ఊరివాడు, ‘ఇందులో మన వాడకట్టు ఉంది, చూడండి’ అని పంపితే పడే ప్రభావం డబ్బు పెట్టిన ప్రకటనకు రాదు. మూడు వేలకు వచ్చే వ్యూస్ నీ కథతో ఏ సంబంధమూ లేనివారివి. వారు పది సెకన్లు చూసి పైకి తోసేస్తారు, మళ్లీ నీ ఛానల్ వైపు రారు.

విడుదల సమయం కూడా ఈ లెక్కతోనే నిర్ణయించాలి. మన ప్రాంతంలో వలస వెళ్లినవారు దసరాకు ఎంత వస్తారో పీర్ల పండుగకూ (మొహర్రంకూ) అంత ఆశగా వస్తారు. మొహర్రం చాంద్రమాన పండుగ కావడంతో ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, కాబట్టి క్యాలెండరు చూసుకుని అనుకోవాలి. అందరూ ఊళ్లో ఉన్నప్పుడు గ్రామపంచాయతీ దగ్గరో, బడి ఆవరణలోనో ప్రొజెక్టరు పెట్టి ఒకసారి చూపించండి. వారు తిరుగు ప్రయాణం కట్టే ముందు యూట్యూబ్‌లో పెట్టండి. చూసినవారు లింకును తమతోపాటు ముంబయికి తీసుకువెళతారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. సార్, మీరు చెప్పిన వాట్సాప్ మార్గంలో నాకొక భయం ఉంది. మా సినిమాలో ఒక కూలీ, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి డబ్బుల గురించి ముఖం కనబడేలా మాట్లాడారు. చిత్రీకరణకు ఒప్పుకున్నారు, సంతకం కూడా ఉంది. ప్రచారానికి చిన్న ముక్కలు కట్ చేయాలంటే మిత్రులందరూ ఆ ముక్కనే కోరుతున్నారు. ఆ మేస్త్రీదీ అదే ఊరు.

జవాబు: వీడియో శిక్షకురాలు, నల్లగొండ

ఆ భయం సహేతుకమైనది, దాన్ని మిత్రులు తేలిగ్గా తీసుకోకూడదు. సినిమాకు ఇచ్చిన అనుమతి వేరు, నలభై సెకన్ల ముక్కకు ఇచ్చే అనుమతి వేరు. సినిమాలో ఆయన మాటకు ముందు ఇల్లు ఉంది, అప్పు ఉంది, ఏడాది పొడవునా జరిగిన కష్టం ఉంది. ముక్కలో మిగిలేది మేస్త్రీ మీద ఆరోపణ ఒక్కటే, అది చేరేది కూడా ఆ మేస్త్రీ ఉన్న గ్రూపుకే. వచ్చే సీజన్‌లో ఆ కూలీ మళ్లీ ఎవరి దగ్గరో అడ్వాన్సు తీసుకోవలసిన మనిషి. ఆ ముక్కను ఆయన ఫోన్‌లోనే ఆయనకు చూపించి, ఇది మేస్త్రీ దాకా వెళుతుందని స్పష్టంగా చెప్పి, ఆలోచించుకోవడానికి సమయమిచ్చి అడగండి. సందేహిస్తే వదిలేయండి. పూర్తి సినిమాలో ఆ భాగం ఉండటం గురించి కూడా అప్పుడే మరోసారి అడగడం మంచిది.

ఈ విషయంలో మా జిల్లా అనుభవం ఉంది కనుక గట్టిగా చెబుతున్నాను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఫ్లోరోసిస్ బాధితులను దశాబ్దాలుగా ఎందరో చిత్రీకరించారు. భూగర్భ జలంలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు ఏమవుతుందో ఆ సినిమాలు వివరించి ఉండవచ్చు. జనంలో తిరిగినవి మాత్రం వంకరపోయిన కాళ్ల బొమ్మలే. థంబ్‌నెయిల్‌కు (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మకు) అదే, పోస్టరుకు అదే. బొమ్మలో ఉన్న మనిషి ఊళ్లో బతకాలన్న ఆలోచన చాలామందికి రాలేదు.

మీ థంబ్‌నెయిల్‌కు ఏడుపు ముఖం వెతకకండి. నాకాలో నిలబడ్డ గుంపును వెనక నుంచి తీసిన షాట్ మీ దగ్గర ఉండే ఉంటుంది, ఎక్కువమంది అందులో తమను తాము చూసుకుంటారు. చిన్న ముక్కలు నిలువు చట్రంలో ఉండాలి, వాటి మీద మాటలు బొమ్మలోనే అచ్చయి ఉండాలి, ఎందుకంటే బస్సులోనూ పని చోటా చాలామంది ధ్వని లేకుండానే చూస్తారు. పూర్తి సినిమాకు మాత్రం సబ్‌టైటిళ్లను విడి ఫైలుగా ఇవ్వండి. ఇంగ్లీషుతోపాటు మరాఠీ కూడా ఉంటే ముంబయిలో కార్మికుల మధ్య పనిచేసే సంఘాలు తమ సభల్లో చూపించగలుగుతాయి. మన యాసను ఇంగ్లీషులోకి తెచ్చేవారు ఆ యాస ఎరిగినవారై ఉండాలి. శీర్షిక తెలుగులో పెట్టినా, వివరణలో ఊళ్ల పేర్లనూ ‘పాలమూరు వలస’ అన్న మాటనూ రోమన్ లిపిలో కూడా రాయండి. మనవాళ్లు తెలుగులో మాట్లాడి ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు.

జవాబు: ఎడిటర్, హైదరాబాద్

టీచర్ గారు చెప్పిన ‘గడువు పెట్టుకుని పంపడం’ నాకూ అంగీకారమే. మూడు వేల రూపాయలలో మరాఠీ అనువాదం చేసినవారికి కొంత, ఊళ్లో ప్రొజెక్టరు అద్దెకు కొంత పెట్టండి, ప్రకటనలకు వద్దు. విడుదలయ్యాక యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఏ నిమిషంలో వెళ్లిపోతున్నారో చూపే గ్రాఫ్ ఉంటుంది. మొదటి అర నిమిషంలోనే సగం మంది జారిపోతుంటే సినిమాను తిరిగి కోయకండి, వారిని తెచ్చిన ముక్కా శీర్షికా ఏమి ఆశ పెట్టాయో పరిశీలించి వాటిని మార్చండి. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వంటి ఆదాయపు షరతుల గురించి ఒక్క సినిమాతో ఆలోచించడం వృథా.

మరాఠీ అనువాదానికి ఎవరూ దొరకకపోతే ఇక్కడే రాయండి. ముంబయి దగ్గరి భివండీలో పెరిగిన మనవాళ్లు ఈ చర్చలు చదువుతూనే ఉంటారు.