అప్‌డేట్: బోర్డు ఒక మూలకు వెళ్లేకొద్దీ పెరుగుతున్న అమరిక తేడాకు కారణం దొరికింది
0.5 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క కాళ్ల మధ్య దూరం) ఉన్న ఐసీలు (చిప్‌లు) సర్క్యూట్ బోర్డు ఒక మూలన సరిగ్గా కూర్చుంటూ, ఎదుటి మూలకు వెళ్లేకొద్దీ ప్యాడ్ల (టంకం వేసే రాగి చోట్ల) మీద నుంచి పక్కకు జరుగుతున్నాయని, ఇది భాగాలను బోర్డు మీద పెట్టే పిక్ అండ్ ప్లేస్ యంత్రపు లోపమా అని ఇంతకుముందు అడిగాను. యంత్రంలో లోపం లేదు. తేడా అంతటా ఒకేలా ఉంటే యంత్రపు ఆఫ్‌సెట్‌ను, దూరంతో పాటు పెరుగుతుంటే బోర్డు కొలతలను అనుమానించమన్న సలహాయే దారి చూపింది.

లామినేషన్‌లో (పొరలను అతికించే దశలో) వేడికీ ఒత్తిడికీ లోనైన బోర్డు కొద్దిగా సాగడమో కుంచించుకుపోవడమో సహజం. మా బోర్డు నిలువునా అడ్డంగా వేర్వేరు పాళ్లలో మారింది. రెండు ఫిడ్యూషియల్ గుర్తులతో (యంత్రపు కెమెరా బోర్డు స్థానాన్ని పోల్చుకునే రాగి చుక్కలతో) జరుగుదల, తిరుగుదల, అన్ని దిశల్లో సమానంగా వచ్చిన సాగుదల మాత్రమే సరిదిద్దడం సాధ్యం కనుక, ఇలాంటి మార్పుకు మూడో గుర్తు కావాలి. కొత్త బ్యాచ్‌లో దాన్ని చేర్చి, ఫైన్ పిచ్ ఐసీల పక్కన స్థానిక గుర్తులు కూడా పెట్టించాను. ప్రతి గుర్తులో 1 మిల్లీమీటరు రాగి వృత్తం చుట్టూ 2 మిల్లీమీటర్ల వ్యాసం వరకు సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రక్షణ పూత) లేకుండా చూశాం. మాస్క్ అంచు రాగి మీదికి వస్తే కెమెరా కేంద్రాన్ని తప్పుగా లెక్కిస్తుంది.

ఇప్పుడు ఐసీలన్నీ ప్యాడ్ల మధ్యనే కూర్చుంటున్నాయి. నిజానికి బీజీఏలను (అడుగున టంకపు బంతులున్న చిప్‌లను) కరిగిన టంకపు తలతన్యత కొంతవరకు తానే సరైన చోటికి లాగుతుంది, కానీ బరువైన కనెక్టర్ల విషయంలో ఆ సాయం ఆశించలేము. మిగిలింది స్టెన్సిల్ (టంకపు పేస్ట్‌ను ప్యాడ్ల మీద ముద్రించే రంధ్రాల రేకు): బోర్డు అసలు కొలతలకు తగ్గట్టు దాన్ని స్కేల్ చేయించి పేస్ట్ ముద్రణను మళ్లీ పరీక్షిస్తున్నాం.