బెల్టు షాపులకు కారణం తాగేవాళ్లా, లైసెన్సు పద్ధతా?

దేవరకొండ ఆడబిడ్డ:
మా ఊర్లో వైన్స్ లేదు, లైసెన్సు లేకుండా మందు అమ్మే బెల్టు షాపులు మాత్రం ఐదున్నాయి. మా గల్లీలోది పేరుకు కిరాణా కొట్టు. ముందర బిస్కెట్ ప్యాకెట్లు, ఉప్పు బస్తా వెనక క్వార్టర్ సీసాలు. పొద్దున 6 గంటలకు పత్తి ఏరబోయే కూలీల ఆటో అక్కడే ఆగుతుంది. సీసా మీద రాసిన ధరకు ఇంకో 30 రూపాయలు కలిపి తీసుకుంటారు. వైన్స్ తెరిచేదే 10 గంటలకు, మరి తెల్లారకముందే ఇక్కడికి సరుకు ఎక్కడిది? రాత్రే ఆటోలో పెట్టెలు దిగుతాయి. మా చిన్నాయన కూలి డబ్బులు ఇంటికి రాకముందే అక్కడ ఖాతాలో జమ అవుతున్నాయి. తాగేవాళ్లను తిట్టి లాభం లేదు, ఊరూరికీ మందు చేర్చే ఈ పద్ధతి మారాలి.

మిర్యాలగూడ వైన్స్ పార్ట్‌నర్:
అక్కా, మీ బాధ నిజమే. మా లెక్క కూడా వినండి. వైన్స్ లైసెన్సు లాటరీకి 2023లో అప్లికేషన్ ఫీజు 2 లక్షలు, 2025లో 3 లక్షలు చేశారు. లాటరీలో షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. మేం ఏడుగురం కలిసి 12 అప్లికేషన్లు వేస్తే ఒక్కటి తగిలింది. అంటే 36 లక్షలు ముందే పోయాయి. ఆ మీద ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి. సరుకు ప్రభుత్వ డిపోలోనే కొనాలి, బయట కొనడానికి లేదు. 2025 జనవరిలో ప్రభుత్వం పాత బాకీలు కట్టలేదు, ధర పెంచలేదన్న గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ బీర్ల సరఫరా ఆపేస్తే, కస్టమర్లకు జవాబు చెప్పింది వైన్స్ వాళ్లే. ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. లైసెన్సు ఉండే రెండేళ్లలో పెట్టుబడి రావాలంటే కౌంటర్ అమ్మకం ఒక్కటే చాలదు.

నకిరేకల్ గీత బిడ్డ:
అన్నా, పెట్టుబడి పెరిగిందని ఊర్లకు పెట్టెలు పంపుతారా? మా నాయన చెట్టెక్కే మోకు, ముత్తాదు వేసుకుని ఇప్పటికీ తాటిచెట్టు ఎక్కుతాడు. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, బెల్టు షాపులో సీసా నెలలైనా చెడదు. వాటితో మేమెట్లా పోటీ పడాలి? వైన్స్ షాపుల్లో కల్లు గీసే మా గౌడ్లకు 15 శాతం రిజర్వేషన్ ఉంది, మంచిదే. కానీ తాటిచెట్టు ఎక్కేవాడి దగ్గర 3 లక్షలు ఎక్కడివి? మా పక్క ఊర్లో ఒకాయన పేరు మీద షాపు వచ్చింది, డబ్బు పెట్టిందీ నడుపుతున్నదీ వేరేవాళ్లు. అయితే మా వాళ్ల తప్పు కూడా ఒప్పుకుంటా. పాలమూరు వైపు కల్లులో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపేవాళ్ల వల్లనే మంచి కల్లన్నా జనం భయపడుతున్నారు.

అచ్చంపేట మాస్టారు:
బెల్టు షాపులు మూస్తే గుడుంబా మళ్లీ మొదలవుతుంది. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టారు, దొంగసారా పెరిగింది, 1997లో సడలించారు. మరిచిపోవద్దు.

దేవరకొండ ఆడబిడ్డ:
మాస్టారూ, నేను నిషేధం అడగలేదు. వైన్స్ ఉండనివ్వండి, కావాల్సినవాళ్లు మండలానికి పోయి అసలు ధరకు కొనుక్కుంటారు. అంత దూరం పోవాలంటే పొద్దున పొద్దున్నే తాగడం తగ్గుతుంది. 2025లో 95 వేల పైచిలుకు అప్లికేషన్ల మీద ప్రభుత్వానికి 2,850 కోట్లు వచ్చాయి. సీసా మూత మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది. స్కాన్ చేస్తే అది ఏ డిపో నుంచి ఏ షాపుకు పోయిందో బయటపడుతుంది. మరి కిరాణా కొట్టులో దొరికిన సీసా ఏ వైన్స్‌దో పట్టుకోవడం అంత కష్టమా?

మిర్యాలగూడ వైన్స్ పార్ట్‌నర్:
కష్టం కాదక్కా. పట్టుకుంటే మా లైసెన్సుకే ఎసరు. ఫీజు తగ్గించి అప్పుడు పట్టుకోమనండి, నేనే మద్దతిస్తా.

దేవరకొండ ఆడబిడ్డ:
ఫీజు తగ్గేదాకా మా చిన్నాయన ఆగలేడు తమ్మీ. నిన్న ఆయన పారేసిన మూడు సీసాలు మూతలతో సహా దాచిపెట్టా. సోమవారం సంఘం ఆడవాళ్లం కలిసి ఎక్సైజ్ స్టేషన్‌కు తీసుకుపోతున్నాం.