"ఆ యవసరమున": పాత నవలల్లో తెలిసినట్టే ఉండి తప్పుదారి పట్టించే మాటలు

పందొమ్మిదో శతాబ్దపు నవల ఒకటి మొదలుపెట్టి ఇరవై పేజీలు దాటకుండానే పక్కన పెట్టేశానని ఒక మిత్రురాలు రాశారు. ప్రతి వాక్యానికీ నిఘంటువు తియ్యాల్సి వస్తోందట, తీసినా సగం మాటలు దొరకడం లేదట. ఈ భాష నేర్చుకునే పద్ధతేమిటని కూడా అడిగారు. "మన భాషే కదా, ఇంత కష్టమేమిటి" అన్న ఆవిడ బాధ నాకు బాగా తెలుసు. కాస్త వివరంగా జవాబు రాస్తాను, మిగతావాళ్లకి కూడా పనికొస్తుంది.

ముందు ఆ ధోరణిలో నేనే ఒక వాక్యం కట్టి చూపిస్తాను. ఏ నవల్లోదీ కాదు.

"ఆ యవసరమున నతఁడు సంభ్రమముతో లేచి యెదురేఁగి, వారిం దోడ్కొని వచ్చి పీఠమునఁ గూర్చుండఁబెట్టెను."

"యవసరము" అని వెతికితే నిఘంటువులో ఉండదు. "నతఁడు", "దోడ్కొను", "గూర్చుండు" కూడా ఉండవు. నిజానికి వీటిలో కొత్త మాట ఒక్కటీ లేదు. అవసరము, అతఁడు, తోడ్కొను (వెంటబెట్టుకొను), కూర్చుండు, అంతే. పక్క మాటతో కలిసినప్పుడు మొదటి అక్షరం వేషం మార్చింది. అచ్చుతో మొదలయ్యే మాటకి ముందు య వచ్చి చేరుతుంది: లేచి యెదురేఁగి. ముందు మాట చివర నకారం ఉంటే అది తర్వాతి అచ్చుకి అంటుకుంటుంది: అవసరమున నతఁడు. అదే నకారం తర్వాత క, చ, ట, త, ప లు వస్తే గ, జ, డ, ద, బ లు అవుతాయి: వారిన్ + తోడ్కొని కలిసి వారిం దోడ్కొని. బడిలో "పూచెఁ గలువలు" అని చదువుకున్నది ఇదే. గలువ అని వెతికితే ఎక్కడ దొరుకుతుంది, కలువ దగ్గరికి వెళ్లాలి గానీ.

ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ప్రథమా విభక్తి తర్వాత అదే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు అవుతాయి. "వాఁడు వోయెను" అని కనిపిస్తే అది పోయెను. "అతఁడు సనుదెంచెను" అని ఉంటే అది చనుదెంచెను, అంటే వచ్చాడు. స తో మొదలయ్యే మాట దొరక్కపోతే చ దగ్గర, వ తో మొదలయ్యేది దొరక్కపోతే ప దగ్గర ఒకసారి చూడండి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ తర్వాతి తరం వచన రచయితలు చాలామంది ఆ నియమాలనే పట్టుకుని రాశారు కాబట్టి, ఈ రెండు మూడు సంధులు వంటబడితే ఆ కాలపు ఏ పుస్తకమైనా సగం విడిపోతుంది. అక్కడితో టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

అరసున్నని (ఁ), బండి ఱ ని చూసి భయపడేవాళ్లకి ఒక మాట. అవి మనకి సాయం చేసేవే. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. ఆ అరసున్న ఒకప్పటి నిండు సున్నకి గుర్తు. ఇప్పటికీ పదేండ్లు, నూరేండ్లు అనే వాళ్ల నోట్లో ఆ సున్న బతికే ఉంది. వేరు అంటే చెట్టుది, వేఱు అంటే విడిగా. అరుగు అంటే వెళ్లు, అఱుగు అంటే జీర్ణమవు. ఇప్పటి అచ్చులో మనం సందర్భాన్ని బట్టి ఊహించుకునేదాన్ని పాత అచ్చు ఊహించనక్కర్లేకుండా చేతికి ఇస్తోంది.

ఇంతవరకూ చెప్పింది వేషాల సంగతి. నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

పైన నా వాక్యంలో ప్రమాదం "దోడ్కొని" దగ్గర లేదు. తెలియని మాట కాబట్టి అక్కడ ఎలాగూ ఆగుతారు, వెతుక్కుంటారు. ప్రమాదం "అవసరము", "సంభ్రమము" దగ్గర ఉంది. అవి మనకి తెలుసు, అందుకే ఆగం. ఆగకుండా చదివితే "ఆ అవసరం కొద్దీ అతను ఆనందాశ్చర్యాలతో లేచి" అని మనసులో పడిపోతుంది. రాసినదానికి అర్థం "ఆ సమయంలో అతను ఆత్రంగా, తొందరగా లేచి" అని.

నేను చాలాకాలం అలాగే తప్పు చదివాను. "ఆ యవసరమున" వచ్చిన ప్రతిచోటా కథలో ఎవరికో ఏదో అవసరం పడిందనుకుని ముందుకి పోయేవాణ్ణి. ఒకరోజు వెన్నెల వర్ణన మధ్యలో ఆ మాట తగిలింది. అక్కడ మనిషే లేడు, ఇక అవసరం ఎవరికి? అప్పుడు ఆగి చూశాను. సంస్కృతంలో అవసరం అంటే సమయం, తగిన అదను. హిందీలో అవసర్ అంటే ఈనాటికీ అవకాశమే. మన పాత తెలుగులో కావలసి రావడానికి వేరే మాట ఉండేది, అక్కర. "అక్కరకు రాని చుట్టము" అని సుమతి శతకంలో చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా.

మరి సమయం అనే మాట అక్కర అనే అర్థంలోకి ఎలా జారింది? "అవసరానికి ఆదుకున్నాడు" అని ఇప్పుడు మనం అనే వాక్యాన్నే చూడండి. సరైన సమయానికి ఆదుకున్నాడని అర్థం చెప్పుకోవచ్చు, అక్కరపడినప్పుడు ఆదుకున్నాడనీ చెప్పుకోవచ్చు. ఇలాంటి వాక్యాల్లో రెండు అర్థాలూ పక్కపక్కనే కూర్చుంటాయి. కొన్ని తరాలు గడిచేసరికి పాతది లేచి వెళ్లిపోతుంది. ఇలా జరిగిందనే నాకు గట్టిగా అనిపిస్తుంది. దీన్ని గమనించిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం అని పేరెందుకు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. పాత నవల్లో ఒకడు "ఉద్యోగించెను" అంటే వాడికి కొలువు దొరికిందని కాదు, పనికి పూనుకున్నాడని. మర్యాద అంటే హద్దు. కంపు అంటే ఒకప్పుడు ఉత్త వాసన, మంచిదైనా సరే. చీర అంటే బట్ట, అందుకే రాముడు నారచీరలు కట్టాడు. ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు, ఆ మాటలోని ఎత్తిపొడుపు తర్వాత వచ్చి చేరింది. పాత వాక్యంలో ఒక పెద్దాయనని ఛాందసుడు అన్నప్పుడు అది గౌరవమా, ఎగతాళా అన్నది మిగతా పేరా చూసి తేల్చుకోవలసిందే. అక్కడ నిఘంటువు ఒక్కటే తీర్పు చెప్పలేదు.

నేర్చుకునే పద్ధతి అడిగారు కాబట్టి నేను చేసేది చెబుతాను. అధ్యాయం మొదటిసారి నిఘంటువు ముట్టకుండా చదువుతాను, పెన్సిల్‌తో గీతలు మాత్రం పెట్టుకుంటాను. రెండోసారి గీత పెట్టిన మాటల్లో సంధి విడదీస్తాను. చాలా గీతలు అక్కడే చెరిగిపోతాయి. మిగిలినవాటికి శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు చూస్తాను. మొదటిది 1885 నాటిది, రెండోది 1852 నాటిది, అంటే ఇంచుమించు ఆ నవలల కాలానివే. ఇప్పటి అర్థం అడ్డు రాకుండా అప్పటి అర్థం తెలియడానికి అదే మంచి దారి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఇలాంటి నిఘంటువులు చాలా ఒకేచోట వెతుక్కోవచ్చు. క్రియ అయితే చివర ఉకారం పెట్టి వెతకండి, తోడ్కొని అని కాకుండా తోడ్కొను అని.

నోట్‌బుక్‌లో మాట, పక్కన అర్థం రాసే అలవాటు మానేశాను. వాక్యం మొత్తం రాసుకుంటాను. "సంభ్రమము: తొందర" అని రాసుకున్నది వారంలో మర్చిపోయాను. సంభ్రమంతో లేచి ఎదురెళ్లిన మనిషి మాత్రం మనసులో ఉండిపోయాడు.

కింద వ్యాఖ్యల్లో ఇద్దరు అడిగినవాటికి కూడా ఇక్కడే రాస్తున్నాను.

"చనుదెంచు" గురించి: చను అంటే వెళ్లు, తెంచు అంటే తుంచు కదా, రెండూ కలిస్తే "వచ్చు" ఎలా అయిందని ప్రశ్న. ఈ తెంచుకి తాడు తెంచడంతో పని లేదు. వెళ్లడాన్ని చెప్పే క్రియకి వెనక చేరి దారిని ఇటువైపు తిప్పుతుంది. చను, చనుదెంచు. అరుగు, అరుదెంచు. ఏఁగు, ఏఁగుదెంచు. ఏతెంచు కూడా ఆ కుటుంబమే. ఒక్క తెంచు తెలిస్తే నాలుగు మాటలు చేతికొస్తాయి. అందుకే మాటల్ని విడివిడిగా బట్టీ పట్టొద్దంటాను.

"అనవుడు" గురించి: అది ఎవరి పేరూ కాదండీ. అనగా, అన్నంతట అని. "అనవుడు రాజిట్లనియె" అని ఉంటే, అలా అనేసరికి రాజు ఇలా అన్నాడని. సంభాషణలో మాట్లాడే మనిషి మారాడని చెప్పే గుర్తు అది. దాన్ని దాటేసి చదివితే ఎవరి మాట ఎవరిదో కలగాపులగం అవుతుంది.

ఆ మిత్రురాలికి: ఇరవయ్యో పేజీ నుంచి కాకుండా మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. ఈసారి "అవసరము" కనిపించిన ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టి, ఆ వాక్యాలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం. సమయం అనే అర్థం ఎన్నిచోట్ల ఉందో, రెండర్థాల మధ్య ఊగుతున్నవి ఎన్నో చూడాలని నాకూ ఉంది.