ఆరుగురు ఉండే ఇల్లు: ఒకే హాలు మేలా, విడి గదులు మేలా?

ప్రశ్న

మా తరువాత మా పిల్లల సంగతేమిటన్న దిగులుతో గుంటూరు దగ్గర ఆరు కుటుంబాలవాళ్లం కలిసి ఎనిమిది సెంట్ల స్థలం కొన్నాము. అక్కడ కట్టే ఇంట్లో ఉండబోయే మా పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లే, నలుగురికి మేధో వైకల్యం, ఇద్దరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు, కదలికలు అదుపులో ఉండని స్థితి). ఆ ఇద్దరూ చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. ఒకే హాలులో ఆరు మంచాలు వేసి, చివర రెండు బాత్‌రూములు కడితే ఖర్చు కలిసివస్తుందని మేస్త్రీ అంటున్నారు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ప్రత్యేక ఉపాధ్యాయురాలు)

దయచేసి హాలు ఆలోచన మానుకోండి. రాత్రి ఒకరు కేకలు వేస్తే మిగిలిన ఐదుగురికీ నిద్ర ఉండదు, పైగా బట్టలు మార్చుకోవడానికైనా చాటు దొరకదు. గది చిన్నదైనా ఎవరిది వారికే ఉండాలి. తన తలుపు తాను వేసుకోగలగడం వారికి ఎంత పెద్ద విషయమో నేను కళ్లారా చూశాను. రాత్రి సహాయకుల గదిని మాత్రం అన్ని గదులకూ మధ్యలో పెట్టండి.

జవాబు 2 (సివిల్ ఇంజనీరు)

వాన నీటికి భయపడి మనవాళ్లు పునాదిని రెండు అడుగులు లేపుతారు. ర్యాంపు వాలు 1:12కు మించకూడదు కనుక, రెండు అడుగుల ఎత్తుకు 24 అడుగుల ర్యాంపు కావాలి. అందుచేత స్థలం మెరక, మురుగు పారుదల ముందే చూసుకుని పునాది ఎత్తు తేల్చుకోండి. తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్ల దారి, కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. గడప లేని ఇల్లేమిటని పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. గడపను నేలమట్టానికి దించి బిగిస్తే పసుపు కుంకుమలకూ లోటుండదు, చక్రానికీ అడ్డు తగలదు.

బాత్‌రూము తలుపు తప్పనిసరిగా బయటికే తెరుచుకోవాలి. మూర్ఛ వచ్చిన మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును తోయడం ఎవరి తరమూ కాదు. గడియ కూడా బయటినుంచి తీయగలిగేదై ఉండాలి.

జవాబు 3 (ఒక తల్లి)

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి గృహాన్ని రిజిస్ట్రేషన్ లేకుండా నడపరాదు. ప్లాను గీయించకముందే సంబంధిత అధికారులను కలవండి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. భద్రత పేరుతో గదులకు బయటినుంచి తాళాలు వేయించకండి, కుర్చీ పట్టే రెండో ద్వారం తప్పక పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆరు గదులతో కొత్త ప్లాను గీయిస్తున్నాము. రెండో ద్వారం వంటగది పక్కన కాకుండా, దానికి ఎదురు వైపున పెట్టిస్తాము.